అడ్డంగా పడుకున్న పన్ను

మా నాయన గొర్రె నోరు తెరిచి పళ్లు చూసి వయసు చెప్పేవాడు. నా దవడ వాచినప్పుడూ అదే పని చేశాడు. వాకిట్లో కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి, పన్ను ఇంకా పైకి రావాలని, అది వచ్చేస్తే వాపు దానంతటదే పోతుందని తేల్చేశాడు. గొర్రెల విషయంలో ఆయన మాట తప్పింది లేదు గనక నేనూ నమ్మాను. లవంగం బుగ్గన పెట్టుకుని రెండు నెలలు ఓర్చుకున్నాను.

నోరు రెండు వేళ్ల మేర కూడా తెరుచుకోలేదు. రాగి ముద్దను గోలీలంత చేసుకుని మింగేదాన్ని. దానికి సర్దుకున్నాను గానీ, మందను పిలవలేకపోవడం నన్ను కుంగదీసింది. నాయన మోకాళ్లు పట్టేశాక, మా ఊరు బలసముద్రంలో సోలారు కరెంటు పలకలకు పోగా మిగిలిన బీళ్లలో నేనే మేపుతున్నాను. ఆ పలకల చుట్టూ వేసిన కంచె దాకా పోయిన గొర్రెలు నా కేకకు తప్ప తిరగవు. ఆ కేక నోరంతా తెరిస్తేనే వస్తుంది.

పావగడలో పళ్ల డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించింది. జ్ఞానదంతం లోపల అడ్డంగా పడుకుని పక్క పన్నును నెడుతోంది. వాపు తగ్గనిదే తీయనంది. మాత్రలు మింగాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ వాచేది. పన్ను మీద కన్నా ఆ ఎదురుచూపు మీద నాకు ఎక్కువ ఒళ్లు మండేది. ఈలోగా నాయన మందను అమ్మడానికి మాట ఇచ్చేశాడు.

"పిలిచే మనిషే లేకుంటే యాడ మేపేదిమ్మా?" అన్నాడు. ఆయన ముందే ఏడ్చేశాను.

చివరికి పన్నును ముక్కలు చేసి తీశారు. కుట్లు విప్పిన మూడో రోజే మడకశిర వైపు నుంచి కొనేవాళ్లు లారీ తెచ్చారు. మంద కంచె పొడుగునా చెదిరి ఉంది. నాయన పిలిచాడు. ఒకటి రెండు తలలు లేచి మళ్లీ గడ్డిలోకి వంగాయి. వచ్చినవాళ్లు నవ్వుకున్నారు.

"నువ్వు పిలువుమ్మా" అన్నాడు నా మొహం చూడకుండా.

పిలిస్తే అవి లారీ ఎక్కుతాయని తెలుసు. అయినా నాకు చేతకాదని ఎవరూ అనుకోకూడదు. నోరంతా తెరిచి కేక పెట్టాను. దవడ మూల చురుక్కుమంది. మంద మొత్తం దుమ్ము లేపుకుంటూ వచ్చి నా కాళ్ల చుట్టూ మూగింది.

నాయన కుంటుకుంటూ వెళ్లి లారీ వెనక తలుపు తానే మూశాడు.

"అమ్మేది లేదప్పా. మేపే మనిషి ఈడనే ఉండాది."

వాళ్లు తిట్టుకుంటూ పోయారు. మంద నా చుట్టూనే ఉంది. అవసరం లేకపోయినా ఇంకోసారి గొంతెత్తి పిలిచాను.