క్యాంపులోనే ఉన్న మనిషిపై హురూబ్

ఏళ్లుగా ఒక మనిషిని గుండెల మీద మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో ఒక నిర్మాణ కంపెనీలో కార్మికుల వీసా పనులు చూసేవాణ్ణి. సెలవు మీద దేశం దాటాలంటే ఎవరైనా నా దగ్గరికి రావాల్సిందే. పొక్లెయిన్ నడిపే యూసుఫ్ కూడా అందుకే వచ్చాడు. సొంత దేశానికి కాదు, వేరే దేశానికి వెళ్లాలన్నాడు. ఎందుకని అడిగాను. తలుపు వైపు చూసి, మెల్లగా ఉర్దూలో చెప్పాడు.

వాళ్ల దేశంలో ప్రభుత్వమే సైన్యాన్ని పంపి వాళ్ల జాతిని తుడిచిపెట్టింది. ఆ దేశం పేరు రాయను. అది ఆవేశంలో జరిగిన గొడవ కాదు. ఊరిని చంపడానికి ముందే ఒక కల్నల్ వచ్చి, నీళ్ల ట్యాంకుకని యూసుఫ్ చేత పెద్ద గొయ్యి తవ్వించాడు. అతని వాళ్లందరూ అందులోకే వెళ్లారు. ఇప్పుడు వాళ్లను చంపమన్న ఆజ్ఞ ఎవరిదో ఒక విదేశీ కోర్టు విచారిస్తోంది. సాక్ష్యం చెప్పడానికి వెళ్లాలి. ఆ కల్నలేమో రిటైరై మా కంపెనీలోనే సెక్యూరిటీ మేనేజర్‌గా ఉన్నాడు. అతను పొద్దున్నే మైకులో జాగ్రత్తలు చెబుతుంటే ఆ గొంతును యూసుఫ్ గుర్తుపట్టాడు.

"తవ్వింది ఈ చేతులే భాయ్. ఎవరితో అనకు" అన్నాడు.

అననన్నాను. మర్నాడు భోజనాల దగ్గర మా ప్రాజెక్ట్ మేనేజర్‌తో అనేశాను. ఎందుకు? భయం కాదు. ఎవరూ బెదిరించలేదు. ఇంత పెద్ద సంగతి నాకు తెలుసని చెప్పుకోవాలన్న ఆత్రం, ఆయన దగ్గర మంచి పేరు కొట్టేయాలన్న నీచపు ఆశ, అంతే. ఆ నోటిని తలచుకుంటే ఇప్పటికీ అసహ్యమేస్తుంది.

కొన్నాళ్లకు ఆయన పిలిచారు. ఆయనది కాకినాడ వైపు.

"యూసుఫ్ మీద హురూబ్ పెట్టేయండి."

పని వదిలి పారిపోయాడని సర్కారుకు ఫిర్యాదు చేయడమే హురూబ్; అది పడితే దొరికినచోట పట్టుకుని సొంత దేశానికి పంపేస్తారు.

"మనిషి క్యాంపులనే ఉన్నడు గద సార్. పొద్దుగాల డ్యూటీకి గూడ వచ్చిండు."

"నాకు తెలీదేంటండీ? పైనుంచొచ్చింది. ఇందులో మీదేముంది, నాదేముంది? మీరు చెయ్యకపోతే ఇంకోడు చేస్తాడు."

చేశాను. చెక్‌పోస్టులో పట్టుకున్నారు. సొంత దేశానికే పంపేశారు. అక్కడి విమానాశ్రయం నుంచి సైనికులు తీసుకెళ్లారట. ఆ తర్వాత కబురు లేదు.

కల్నల్‌ని అడిగితే జనరల్ పేరు చెబుతాడు. జనరల్ మంత్రి పేరు చెబుతాడు. మంత్రికీ ఎవరో ఒకరు దొరుకుతారు. నాకు మేనేజర్ దొరికాడు. కానీ నోరు జారమని నాకెవరు ఆజ్ఞ ఇచ్చారు? అబద్ధం చెప్పి తవ్వించిన గొయ్యిని కూడా తనదే అన్నవాడు యూసుఫ్ ఒక్కడే. అలాంటివాణ్ణి వాళ్ల చేతికే అప్పగించాను.

ఈమధ్య ఒక శుక్రవారం రియాద్‌లో, బతా బజారులో, యూసుఫ్ బావమరిది ఎదురయ్యాడు. రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు. తన కోసం మీరొక్కరే ప్రయత్నించారని, పట్టుబడ్డాక యూసుఫ్ ఫోనులో చెప్పాడట. నమాజులో రోజూ నా కోసం దువా చేస్తున్నానంటూ టీ ఇప్పించాడు. కాదు, చెప్పింది నేనేనని అనడానికి నోరు తెరిచాను. తెరిచి, టీ తాగాను. అతను కళ్లు తుడుచుకుంటుంటే భుజం కూడా తట్టాను.

చెప్పింది నేనే. మీ దగ్గర అనగలిగాను, కాస్త ఊపిరాడుతోంది. అతను మాత్రం ఇంకా నా కోసం దువా చేస్తూనే ఉంటాడు.