నూట పన్నెండు లింకులు

బీమా కార్యాలయంలో పాత ఫైళ్ళు చూసే గుమాస్తాను అందరూ బీరువా అని పిలిచేవాళ్ళు. మనిషి బక్కపలచనే గానీ, ఏ కాగితం అడిగినా నిమిషంలో తీసి చేతిలో పెట్టేవాడు. పేరు పెట్టినవాళ్ళు వెక్కిరింతకే పెట్టారు. ఆయన మాత్రం బిరుదు ఇచ్చినంత సంబరపడ్డాడు.

ఇంట్లోనూ అదే గోల. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, అందరూ ఫోనులో వేలితో చక్కబెట్టుకునే పనికి ఈయన కంప్యూటరులో నల్ల తెర తెరిచేవాడు. అందులో బొమ్మలుండవు, బటన్లుండవు. ఇంటర్నెట్‌లో కనపడిన ప్రతి మంచి పేజీ లింకునూ ఒక చిన్న కమాండుతో టైపు చేసి, వెనక రెండు మూడు గుర్తుమాటలు తగిలించి ఎంటర్ కొట్టేవాడు. 'చేరింది' అని ఒక వరస వచ్చేది. అది చూస్తే ఆయనకు కడుపు నిండినట్టుండేది. మోకాళ్ళ నొప్పులు, కుళాయి లీకులు, గ్రహణాలు, రైళ్ళ చరిత్ర, ఏదైనా సరే, గుర్తుమాట కొడితే వచ్చి వరసలో నిలబడాల్సిందే. 'మోకాలు' అని ఒకచోట, 'మోకాళ్ళు' అని ఇంకోచోట ఉంటే ఆదివారం అన్నం సహించేది కాదు. అవన్నీ చదివేవాడా అంటారా? సర్దేవాడికి చదివే తీరిక ఎక్కడిది!

"వీటి మీద పెట్టే శ్రద్ధలో సగం మీ బట్టల మీద పెట్టరాదూ?" అనేది భార్య. ఆయన నవ్వుతూ ఇంకో లింకు ఎక్కించేవాడు.

ఆయనకు ఒక్కతే అక్క. ఎనిమిదేళ్ళు పెద్దది, చిన్నపిల్లల బడిలో టీచరు. ఉద్యోగం అయిపోయాక నోరు ఊరుకోక, పిల్లలకు చెప్పే కథలన్నీ ఫోనులో రికార్డు చేసి ఒక ఉచిత వెబ్‌సైటులో పెట్టేది. ప్రతి శుక్రవారం తమ్ముడికి లింకు పంపేది. ఆయన వెంటనే నల్ల తెర తెరిచి ఎంటర్ కొట్టేవాడు. చేరింది.

ఒకరోజు ఆవిడ ఫోన్ చేసింది. "తమ్ముడూ, ఫోను నిండిపోయిందిరా. ఈ రికార్డులన్నీ తీసెయ్యనా? నీ దగ్గర ఉన్నాయిగా?"

"నిక్షేపంగా ఉన్నాయక్కా. తీసెయ్యి."

ఆ మాట నోట్లోంచి రాకుండా ఉంటే ఎంత బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు కుమిలిపోయాడో లెక్కలేదు. అప్పుడు మాత్రం అబద్ధమాడుతున్నానని అనుకోలేదు. లింకు ఉంటే కథ ఉన్నట్టే అనుకున్నాడు. వీధి పేరు, ఇంటి నంబరు రాసుకున్నంత మాత్రాన ఇల్లు మనదవుతుందా? ముప్పై ఏళ్ళు కాగితాలు కాపాడిన మనిషికి ఈ పాటి తట్టకపోవడమే విడ్డూరం.

మూడేళ్ళకు అక్కకు గొంతులో క్యాన్సరు వచ్చింది. ఆపరేషను చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. కాస్త కోలుకోగానే తమ్ముడింటికి వచ్చింది. మెడకు గుడ్డ చుట్టుకుని, కంప్యూటరు పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒళ్ళో ఉన్న నోటుపుస్తకంలో రాసి చూపించింది: "ఏదో ఒక కథ పెట్టరా. నా గొంతు ఒకసారి వినాలనుంది."

బీరువా హుషారుగా 'అక్క' అని కొట్టాడు. రెప్పపాటులో నూట పన్నెండు వరసలు, తేదీలతో, పేర్లతో, ఒక్క అక్షరం తేడా లేకుండా వచ్చాయి. "చూశావా!" అన్నాడు. మొదటిది తెరిచాడు. పేజీ లేదని వచ్చింది. రెండోదీ అంతే. లింకులు పనిచేస్తున్నాయో లేదో చూసే కమాండు కూడా ఒకటుంది. చాలాసేపు పడుతుందని ఏనాడూ వాడలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు కొట్టాడు. 'దొరకలేదు', 'దొరకలేదు' అంటూ కిందికి వరసలు కట్టాయి. ఆ వెబ్‌సైటు మూతపడి ఏడాది దాటింది.

"మూసేస్తున్నామని నాకు మెయిలు వచ్చింది. నీ దగ్గర ఉన్నాయి కదా అని ఊరుకున్నాను," అని రాసింది అక్క.

"అక్కా, నా దగ్గర ఉన్నవి లింకులే. కథలు లేవు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. తమ్ముణ్ణి మాత్రం కసురుకోలేదు. తెర మీద కథల పేర్లు ఒక్కొక్కటే చదువుకుంది. పెదవులు కదులుతున్నాయి. చివరికి ముఖం కొంచెం విచ్చుకుంది. మళ్ళీ పెన్ను తీసింది.

"పోనీలే. ఒకదాంట్లో నవ్వు ఆగక కథ మధ్యలోనే ఆపేశాను, గుర్తుందా? నువ్వు విని పడీపడీ నవ్వుతావని దాన్ని అలాగే పంపాను. అది ఏ కథరా? అందులో నేను ఎలా నవ్వానో చెప్పు."

బీరువా తెర వైపు చూశాడు. ప్రతి వరస చివరా 'వినాలి' అనే గుర్తుమాట ఉంది. విన్నాక దాన్ని తీసెయ్యాలని ఆయన నియమం. ఒక్క వరసలోనూ తియ్యలేదు. నోటికొచ్చిన పేరు చెప్పినా అక్క నమ్మేదే.

"వినలేదక్కా," అన్నాడు. "ఒక్కటీ వినలేదు."

అక్క నోటుపుస్తకం మూసింది. పెన్ను దాని మీద పెట్టి లేచి, తనను ఇంటి దగ్గర దింపమని వాకిలి వైపు చెయ్యి చూపించింది.