నాచారం నుంచి ఉప్పల్‌కు మా దోసెల పెనం

మరునాడు పొద్దున ఆరింటికి ఉప్పల్‌లో మా కొత్త హోటల్ తెరవాలి. పొయ్యిలు, బల్లలు, గిన్నెలు అన్నీ వచ్చాయి. రావలసినవి రెండే మిగిలాయి: నాచారంలో ఉన్న పాత దోసెల పెనం, మా అత్తమ్మ.

"పెనం తీస్కపోండ్రి. నేను మాత్రం రాను. ఉప్పల్ నీళ్ళకు పిండి పులవది" అని ఆమె తేల్చి చెప్పేసింది. అమ్మ చెయ్యి పడకుండా మొదటి దోసె వేసేదెట్లా అని మా ఆయన వారం నుంచి సరిగ్గా అన్నం తినడం లేదు. కనీసం పెనమైనా తెద్దామని నేను బయలుదేరాను.

అవి మెట్రో కోసం ఉప్పల్ రోడ్డంతా తవ్విపోసిన రోజులు. బస్టాపు ఎటు జరిగిందో వెతుక్కునేసరికి పది దాటింది. అక్షరాలు నేర్చుకుని రెండేళ్ళే కనుక, బోర్డు పూర్తిగా చదివేలోపు మొదటి బస్సు వెళ్ళిపోయింది. రెండోది ఎక్కాను. హబ్సిగూడ, నాచారం మీదుగా మల్లాపూర్ పోయేది.

వెనక సీటులో ఒక ఫ్యాక్టరీ మనిషి కూర్చున్నాడు. మాటల్లో నాచారంలోని మా పాత హోటల్ సంగతి వస్తే నవ్వాడు. "అమ్మ హోటలా? మస్తు ఎర్క. సైరన్ మోగకముందే దోసె చేతుల వెట్టేది. ఎక్కువ మాట్లాడితె చట్నీ బంద్ జేసేది."

నిజమే. ఫ్యాక్టరీ గేటు ఎదుట అత్తమ్మ, మామయ్య ఒక కిరోసిన్ స్టవ్వు, ఒక చెక్కబల్లతో మొదలుపెట్టారు. తర్వాత రేకుల షెడ్డు వేశారు, నాలుగు బెంచీలు వచ్చాయి. ఇప్పుడు షిఫ్టులు తగ్గాయి. ఆ హోటల్ మరిదికి చాలని, మేం ఉప్పల్‌లో ఇంకోటి పెడుతున్నాం.

పదకొండింటికి చేరాను. మరిది భార్య సుజాత తెనాలి పిల్ల, బళ్ళో టీచరు. పసుపు రాసిన కొత్త తువ్వాలు విప్పి పెనం చూపించింది. అది అద్దంలా మెరుస్తోంది!

"పొద్దుట్నుంచీ సబ్బూ ఇసకా వేసి తోమానక్కా. కొత్త హోటల్‌కి నల్లగా పంపితే ఏం బావుంటుంది?"

మా ఇంట్లో ఆ పెనాన్ని ఎవరూ కడగరు. నూనెలో ముంచిన ఉల్లిగడ్డతో తుడుస్తారు, అంతే. ఆ నలుపు ఉండబట్టే దోసె అంటుకోకుండా లేచేది.

అత్తమ్మ పెనాన్ని తిప్పి తిప్పి చూసింది. "నా ఇరవై ఏండ్ల నలుపు యాడవోయిందే?"

"మురుగుకాలవలోకి పోయిందత్తయ్యా" అంది సుజాత నిజాయితీగా.

పొయ్యి మీద పెట్టి నేనొక దోసె వేశాను. సగం పెనానికే ఉండిపోయింది. రెండోది ముక్కలైంది. మూడోది దోసె అని చెబితే తప్ప తెలియదు. అత్తమ్మ అట్లకాడ లాక్కుంది. "జరుగు! గిట్ల తీస్కపోతె రేపు నా కొడుకు ఇజ్జత్ పోతది. దీన్ని దారికి తేవాల్నంటె నేనే రావాలె."

మొదటి దోసెకే ఏడుపందుకున్న సుజాత కళ్ళు తుడుచుకుని అత్తమ్మ చీరలు సర్దింది. ముక్కల దోసెలే ముగ్గురం భోంచేశాం. చట్నీ బాగుంది.

రెండున్నర బస్సుకు తిరుగు ప్రయాణం. పెనం తేవడానికి వెళ్ళేవాళ్ళు గోనెసంచి మరిచిపోవద్దు. నేను మరిచాను. దారంతా ఎండ దాని మీద పడి డ్రైవరు అద్దంలోకి కొట్టింది.

"కొత్త పెనమా అమ్మా?" అన్నాడు కండక్టర్.

"పాతదే బిడ్డా. మా చిన్న కోడలు తలంటు వోసింది."

"ఉప్పల్ల ఎన్ని దినాలుంటవ్?" అన్నాడతను చీరల సంచి చూసి.

"ఇది మళ్ళ నల్లగైనదాంక."

"గదెన్ని దినాలు వడతది?"

అత్తమ్మ పెనాన్ని ఒళ్ళోకి జరుపుకుంది. "నాచారంల అయితె ఇరవై ఏండ్లు వట్టింది."