అమ్మ మాసికం నాటి గారె ముక్క

అమ్మ పోయిన ఐదో నెలలో నాకు ఆపరేషన్ జరిగింది. ఏళ్లుగా కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్ని, అన్నవాహిక చివర పుండు పడి, మానిన చోట ఇరుకైంది. రెండుసార్లు వెడల్పు చేశారు. మళ్లీ ముడుచుకుంది. మంట లేకుండా వెల్లకిలా పడుకుని ఎన్నాళ్లయిందో గుర్తులేదు. నారాయణగూడ ఆసుపత్రిలో సర్జను పొట్ట కోయకుండా, ఐదు చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పరికరాలు దించి, జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ మఫ్లర్‌లా చుట్టి కుట్టాడు. తొంభైల్లో అది కొత్త పద్ధతి.

"రెండు వారాలు ద్రవాలే. వాంతి మాత్రం తెచ్చుకోవద్దు. లోపల కుట్లు తెగితే ఈసారి పొట్ట కోయాల్సిందే" అన్నాడు.

తొమ్మిదో రోజు అమ్మ మాసికం వచ్చింది. చిక్కడపల్లి నుంచి అక్క పొద్దున్నే మా అశోక్‌నగర్ ఇంటికి వచ్చి, మడి కట్టుకుని వంట చేసింది. చొక్కా లేకుండా పీట మీద కూర్చున్న నన్ను చూసింది.

"గింతేనారా? దోమలు కుట్టినట్టున్నయి. దీనికేనా మంచం దిగకుండ గంజి తాగుతున్నవ్?"

భోక్తలు తిని లేచాక మిగిలినది కర్తగా నేను తినాలి. పురోహితుడికి సంగతి చెప్పాను. "ఏకాదశి ఉపవాసం నాడైతే వాసన చూసి వదులుతం గద. గట్లనే చెయ్యండి, దోషం లేదు" అని ఆయన వెళ్లిపోయాడు.

విస్తరి ముందు కూర్చుని వాసన చూశాను. అక్క కదల్లేదు.

"అమ్మ చేతిది ముప్పై ఏండ్లు తిన్నవ్. అమ్మ పేర ఒక్క ముక్క తినలేవా?"

ఆ తంతు మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కానీ అమ్మ చివరి వారంలో నేను ఊళ్లో లేను. అక్క ఆ మాట ఎన్నడూ అనలేదు. గారె అంచు తుంచి నోట్లో వేసుకున్నాను. బాగానే నమిలాననుకున్నాను.

అది రొమ్ము ఎముక వెనక ఆగిపోయింది. నీళ్లు తాగితే తిరిగి నోట్లోకే వచ్చాయి. కాసేపటికి ఉమ్మి కూడా దిగలేదు. అక్క ఉప్పునీళ్లు తెచ్చింది.

"వేలు పెట్టి కక్కరా, పోతది."

చేత్తోనే వద్దన్నాను. కక్కితే కుట్లు తెగుతాయి. కక్కకపోతే ఇలాగే ఉండాలి.

ఆసుపత్రి దూరమేమీ కాదు. కానీ దారిలో సినిమాహాళ్ల దగ్గర మార్నింగ్ షో వదిలారు. జనంలో మా ఆటో నిలిచిపోయింది. వాంతి దానంతటదే ఎగదన్నుకొస్తుంటే ముక్కుతో గాలి పీల్చి ఆపుకుంటున్నాను. ఉమ్మడానికి ఒళ్లో గిన్నె.

"ఏందక్కా, సారు తాగిండా?" అన్నాడు డ్రైవర్.

"తద్దినం పెట్టిండు. నువ్వు ముందుకు చూసి నడుపు."

సర్జను ఎండోస్కోపు దించి ముక్కను మెల్లగా కిందికి నెట్టాడు. కుట్లు నిలిచాయి. ఏం తిన్నారని అడిగితే చెప్పాను. ఆయన నన్ను చూసి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

బయట బెంచీ మీద అక్క ఇంకా మడిచీరలోనే ఉంది.

"బయటికి తీసిండ్రా, లోపలికి పోయిందా?"

"లోపలికే."

"అయితే అమ్మకు ముట్టినట్టే."

కాదని చెప్పే ఓపిక నాకు లేదు. చెప్పాలనీ అనిపించలేదు.

"లే మరి, ఇంటికి పోదాం" అంది అక్క. "నేనింకా ఏం తినలే."