క్వయర్ సారు పంచిన చివరి పజిల్

మా చర్చి పాటల బృందాన్ని నడిపే క్వయర్ సారు పోయారన్న కబురు జనవరి మొదట్లో, లింగంపల్లి స్టేషన్ బయట టీ బండి దగ్గర తెలిసింది. మా చర్చిలో ఆల్టో పాడే అక్క నన్ను ఆపి చెప్పింది. "పొద్దుగాల, గుండెనొప్పి. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది" అంది. "ఇప్పటికన్నా వస్తవా?" అని అడిగింది. నెల రోజులుగా నేను ఆయన ముఖం చూడలేదు.

మా చర్చి వాళ్లకు ఆయన పజిల్ సంగతి తెలుసు. తెలియనివాళ్ల కోసం చెప్తాను. మా క్వయర్‌లో నాలుగు గొంతులు. ఆడవాళ్లలో హెచ్చు గొంతు సోప్రానో, తగ్గు గొంతు ఆల్టో. మగవాళ్లలో టెనార్, అన్నిటికీ అడుగున బాస్. నాది బాస్. క్రిస్మస్ నెల రాగానే సారు కొత్త కీర్తన కట్టి, మూడు గొంతుల స్వరాలు సరిగమల్లాంటి డో రే మి అక్షరాల్లో రాసి, నాలుగో వరస ఖాళీగా వదిలి పంచేవారు. దాన్ని మేం నింపాలి. జవాబు ఆయన ఎక్కడా రాసిపెట్టేవారు కాదు. "కాయితం మీద దొరకది బిడ్డా. మూడు గొంతుల నడుమ నిలబడు, అవే చెప్తయ్" అనేవారు.

ఒక ఏడు నేను ఒక్కడినే కూర్చుని, లెక్క కట్టి, గడులన్నీ నింపి తీసుకెళ్లాను. సారు కళ్లద్దాలు పైకి నెట్టి చూశారు. "తప్పు లేదు. మరి ఊపిరి ఏడ తీస్తవ్ రా?" అన్నారు. అందరూ నవ్వారు. నేను రెండు వారాలు ప్రాక్టీసుకు వెళ్లలేదు.

పగలు ఆయన కొంత తెరిచి, కొంత ఇంకా కడుతున్న కంప్యూటర్ కంపెనీ భవనం గేటు దగ్గర సెక్యూరిటీ. వచ్చే ప్రతి కారుకూ సలాం కొడుతూ, మధ్యలో లోగొంతుకతో వరసలు కట్టుకునేవారు. పజిళ్లన్నీ పాత గేటు పాసుల వెనకే రాసేవారు.

డిసెంబరులో ఆ భవనం వాళ్లు మా క్వయర్‌ను పాడమన్నారు. సారు ఒప్పుకున్నారు. నాకు ఒళ్లు మండింది. సంచిలో ఎప్పుడూ కూలీల సంఘం కరపత్రాలు మోసే రోజులవి. భవనం కట్టినవాళ్లు రేకుల షెడ్లలో వణుకుతుంటే, లోపల సార్లకు శాంతి పాటలా? అందరి ముందే అన్నాను: "గేటు కాడ కొట్టే సలాం చాలదా సారు, పాటల గూడ కొట్టాల్నా?"

సారు హార్మోనియం మూశారు. "షెడ్లల్ల ఉండేటోళ్లు గూడ లోపట కూసోని వింటరంటెనే పాడుతమన్న. కంపెనీవాళ్లు సరేనన్నరు" అన్నారు మెల్లగా. అప్పటికే నేను మెట్లు దిగుతున్నాను. వినబడింది. వెనక్కి తిరగడానికి రోషం అడ్డొచ్చింది.

ఆ వారమే అక్క చేత నాకూ పజిల్ పంపారు. మడత విప్పకుండానే కరపత్రాల మధ్య పడేశాను. పండక్కి చర్చికే పోలేదు.

సారు సమాధి దగ్గరనుంచి వచ్చాక ఆ మడత విప్పాను. అందులో బాస్ వరస ఒక్కటే ఉంది, మూడూ ఖాళీ. కింద, "మిగిలినవి అడిగి తెచ్చుకో" అని ఉంది. అక్క దగ్గరికి పరుగెత్తాను. ఆమెకు ఆల్టో ఒక్కటే ఇచ్చారట. ఈసారి గొంతుకొకటి చొప్పున నలుగురికి పంచారు. మూడు కాగితాలు పండుగ దాకా నాలుగోదాని కోసం చూశాయి. మా ఇంటికి వస్తామంటే సారే వద్దన్నారట: "వాడే వస్తడు, ఆగుండ్రి." చివరికి పండక్కి పాత పాటే పాడారు.

నా కోపం తప్పని ఇప్పటికీ అనను. షెడ్లు ఇంకా అలాగే ఉన్నాయి. కానీ ఆయన కట్టిన పాట ఆయన వినకుండా పోయింది నా వల్లే.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురం నిలబడ్డాం. మొదటిసారి తడబడ్డాం. రెండోసారి, ఒంటరిగా పాడితే అతకని నా వరస ఎందుకలా ఉందో మూడు గొంతుల నడుమ తెలిసింది. పాట చివరికొచ్చింది. ఆఖరి స్వరం ఎవరమూ ముందు వదల్లేదు. వదిలితే, కుదిరిందో లేదో సారు బదులు మాలో ఎవరో ఒకరు చెప్పాలి. అక్క గొంతు వణికింది, టెనార్ పాడే తమ్ముడి మెడ నరాలు తేలాయి. అయినా ఒకరి మొహం ఒకరం చూడకుండా పట్టుకునే ఉన్నాం.