నల్లపొడి పొట్లం

ఎనిమిదో క్లాసులో బడి మానేసి ఏలూరులో రాగి పోతపోసే షెడ్డులో చేరాను. బడికి నేను చేసిన మేలు అదొక్కటే. షెడ్డు ఒక ముసలి సాయిబుగారిది. ఆయనే నా గురువు. కొల్లేటి చేపల చెరువుల్లో నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లకు కరెంటు అందించే రాగి క్లాంపులు పోసేవాళ్ళం.

కరిగిన రాగి గాలిలోని ఆక్సిజన్ని మింగుతుంది. అది లోపలుండిపోతే పోతలో బొక్కలు పడతాయి. దానికి విరుగుడుగా తాడేపల్లిగూడెం కాలేజీ ఇంజినీరుగారు ఒక డబ్బా ఇచ్చారు. కాల్షియం హెక్సాబోరైడ్. నల్లటి పొడి, మెరుస్తుంది. మహా గట్టిది, నీళ్ళలో కరగదు. పింగాణీ జాతిదట, అర్ధవాహకమట. రాగిలోని ఆక్సిజన్ని లాక్కుని మడ్డిగా పైకి తేలుతుంది, రాగి కరెంటు మోసే గుణం మాత్రం చెడదు.

"ఇల్లు ఊడ్చిపెట్టి, కాఫీ అయినా అడక్కుండా పోయే చుట్టమన్నమాటండీ" అన్నాను ఆయనతో.

ఆ పొడిని రాగిరేకులో పొట్లం కట్టడం నా పని. గురువుగారు పటకారుతో దాన్ని మూసలో కరిగిన రాగిలోకి ముంచేవారు. "పొడి పనిచేసిందో లేదో రాగి మొహం చూసి చెబుతానోయ్" అనేవారు. ఆయనకు పరీక్ష పెడదామని ఒకరోజు, పొడికి బదులు అచ్చుల్లో కాలి నల్లబడిన ఇసుకను జల్లెడపట్టి పొట్లం కట్టాను. పోసేలోపు చెప్పేద్దామనే అనుకున్నాను.

ఆయన పొట్లం ముంచి, మూసలోకి చూసి ఆగారు. "ఏవోయ్, ఇవాళ రాగి ముభావంగా ఉందేంటి?"

"కళ్ళద్దాలు తుడుచుకోండి గురువుగారూ. మసక రాగిలో లేదు."

క్లాంపుల కోసం వచ్చిన పెదపాడు రైతు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు రుచిలో నా నోట ఇసుక మాట రాలేదు. గురువుగారు అద్దాలు తుడుచుకుని పోసేశారు.

వారం తిరక్కుండా, మబ్బు పట్టిన పొద్దున, ఆ రైతే విరిగిన క్లాంపు తెచ్చాడు. లోపలంతా బొక్కలు. ఏరేటర్ ఆగి చేపలు చచ్చి తేలాయి. రాగికి ఎక్కువైన గాలే చేపలకు తక్కువైంది.

"చూపు ఆననప్పుడు మానెయ్యొచ్చు కదండీ!"

"నిజమేనండీ" అన్నారు గురువుగారు. "రాగి తేడాగానే కనబడింది. నా కళ్ళదే తప్పనుకున్నాను." పటకారు నా చేతికిచ్చారు. "ఇక మూస నువ్వే చూడరా. నీ కళ్ళు మంచివి."

దేనికైనా ఎదురు జవాబుండే నేను పటకారు అందుకున్నాను. ఇసుక సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

ఇప్పుడు పోత నేనే పోస్తున్నాను. పొట్లాలు ఆయన కడుతున్నారు. పోసేముందు ప్రతిసారీ అడుగుతాను: "గురువుగారూ, రాగి ఎలా ఉందంటారు?"

ఆయన తలెత్తరు. "నువ్వు చూశావుగా. చాల్లే."