చప్పుడు చేయని చక్రం

మా చిన్నాయన పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను మదనపల్లెలో, మా ఇంట్లో దేవుడి గూటి ముందర వత్తి తడుపుతున్నాను. ఫోన్ చేసింది చిన్నమ్మ. ఆమె గొంతులో ఏడుపు లేదు. "పెద్దపాపా, మీ సిన్నాయన కాఫీ తాగి, గలాసు బోర్లించి, మళ్లా పండుకున్నాడమ్మా. ఇంక లేయలేదు" అంది.

దీపం వెలిగించాకే పుంగనూరు బస్సు ఎక్కాను. మొదలుపెట్టిన పని మధ్యలో ఆపితే ఆయనకు నచ్చేది కాదు.

మేం ముగ్గురం అక్కచెల్లెళ్లం, నేను పెద్దదాన్ని. మా నాయన తొందరగా పోతే, ఆయన తమ్ముడైన చిన్నాయనే మమ్మల్ని చదివించాడు, పెళ్లిళ్లు చేశాడు. ఆయన చేసింది నేవీ ఫౌండ్రీలో మోల్డరు పని. ఓడకు కావలసిన కంచు, ఇనుప సామాన్లకు ఇసుకలో అచ్చు తీసి, కరిగిన లోహం పోయడం. సముద్రం చూడని మా పిల్లకాయలకు సముద్రం గురించి ఏం చెప్పేవాడు కాదు. ఇసుక గురించి చెప్పేవాడు. ముంజేతుల మీద నిప్పురవ్వలు పడిన మచ్చలు చుక్కల్లా ఉండేవి. మా చిన్నచెల్లెలు వాటిని వేలితో కలిపి ముగ్గు గీసేది. ఆయన చెయ్యి కదపకుండా కూర్చునేవాడు.

సెలవులకు వచ్చినప్పుడల్లా ఫౌండ్రీ మాటలే. కరిగిన కంచు బానలో ఎలా మెరుస్తుందో, క్రేను దాన్ని మోసుకొస్తుంటే అంత పెద్ద షెడ్డులో మనుషులు ఎలా మూగవాళ్లైపోతారో చెప్పేవాడు. పోత మొదలైతే మాట బందు. ధార తెగితే లోపల అతుకు పడుతుంది, అందుకని ఒకే ధారగా పోయాలి. ఓడ నీళ్లలోకి దిగే రోజు అందరూ పైన జెండా చూసేవాళ్లట. "నేను మాత్రం నీళ్ల కింద కనపడనిదాన్ని సూస్తా ఉంటి పాపా. ఇరుసు తిరిగే బుష్, ఆ కంచు గొట్టం, మేం పోసిందే. అది సప్పుడు సేయకుంటే మేం గెలిచినట్టు" అనేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన వీపు నిటారుగా అయ్యేది.

రిటైరై పుంగనూరు దగ్గర మా ఊరికి వచ్చాక కూడా చేతులు ఆ పనిని మరవలేదు. కాఫీని గ్లాసులోకి ఒకే ధారగా పోసేవాడు, ఎవరైనా పలకరిస్తే పోయడం అయ్యాకే జవాబు. రాగిపిండి తడిపితే ఒక పిడికెడు తీసి నొక్కి, అరచెయ్యి తెరిచి చూసేవాడు. వేళ్ల అచ్చు నిలబడితే తడి సరిపోయినట్టు. ఫౌండ్రీలో ఇసుకను అట్లాగే చూస్తారట. చిన్నమ్మ విసుక్కునేది, అది ఓడ కాదు, సంగటి అని. ఆయన నవ్వి, ముద్ద తిరిగి గిన్నెలో వేసేవాడు.

ఇక తేరు సంగతి చెప్పాలి.

మా ఊరి తేరు పాతది. దాని కుడివైపు చక్రంలో ఇరుసు తిరిగే కంచు బుష్ అరిగి, పగిలింది. పగలకముందు కూడా అది లాగుతుంటే వచ్చే కిర్రుమనే మోత ఊరి మొదట్లో ఉన్నా వినిపించేది, పాలు తాగే పిల్లలు ఉలిక్కిపడి ఏడ్చేవాళ్లు. పగిలాక తేరు కదలడమే మానేసింది. గుడి పెద్ద బెంగుళూరు దాకా పోయి అడిగాడు. ఆ సైజు దొరకదన్నారు, ఒక్కటే పోసివ్వడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఇంక స్వామిని ట్రాక్టరు మీద ఊరేగిద్దాం, తేరు కొయ్య విప్పేద్దాం అని ఊళ్లో మాట పుట్టింది. ఆ మాట విన్న రోజు చిన్నాయన అన్నం సగంలో వదిలేసి లేచాడట. పని మధ్యలో ఆపడం ఆయన జన్మలో అదొక్కసారే అనుకుంటాను.

తానే పోస్తానన్నాడు. పుంగనూరులో పాత్రలకు కళాయి పెట్టే సాయిబు ఒకాయన, చిన్నాయనకు స్నేహితుడు, తన కొలిమి, గాలిమిషను మా దొడ్లోకి తెచ్చాడు. పగిలిన బుష్‌కు తోడు పాత కంచు సామాను నేను మదనపల్లె పాతసామాన్ల అంగళ్లలో వెతికి తెచ్చాను. చిన్నాయన ఒక్కొక్కదాన్నీ రాయి మీద కొట్టి, మోగిన తీరు విని, కొన్ని పక్కన పెట్టాడు. వంక ఇసుకలో బంకమట్టి కలిపాడు. నడుమ బోలు రావడానికి పెట్టే ఇసుక దిమ్మెకు బెల్లపు మడ్డి కలిపి కాల్చాడు. నేవీలోనూ అదేనట. ఆ వాసనకు మా వీధి చీమలన్నీ దొడ్లోకి చేరాయి.

పోత పోసే రోజు గుడి పెద్ద వచ్చి కుర్చీ వేసుకున్నాడు. కరిగిన కంచు అచ్చులోకి దిగీదిగగానే లోపల గుడగుడమంది. మరుక్షణం నిప్పులు ఎగజిమ్మాయి. సాయిబు వెనక్కి దూకాడు. ఎవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ. చల్లారాక అచ్చు పెట్టె విప్పితే, బుష్ ఒంటినిండా బొక్కలతో జల్లెడలా ఉంది.

గుడి పెద్ద తువ్వాలు దులుపుకుని లేచాడు. "ఓడలు సేసినోడివి, బండి సక్రం కాలేదే అప్పా నీ సేతికి" అన్నాడు.

"ఓడ కూడా మొదటి దెబ్బకు కాలేదప్పా" అన్నాడు చిన్నాయన.

గుడి పెద్ద వెళ్లిపోయాక చిన్నాయన అచ్చు అంచులు తడిమి చూశాడు. వేళ్లకు పచ్చగా అంటింది. తలెత్తి చిన్నమ్మ వైపు చూశాడు. ఆమె కాళ్ల దగ్గర చెంబు ఇంకా ఉంది. స్వామి పని కదా అని, పెట్టె మూసే ముందర అందరూ కొలిమి దగ్గర ఉన్నప్పుడు, అచ్చు మీద పసుపునీళ్లు చల్లిందట. మేమెవరమైనా అదే చేసేవాళ్లం. ఆ నీళ్లే ఆవిరై కంచును పొంగించాయి.

చిన్నమ్మ మొహం పాలిపోయింది. చిన్నాయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చి, సాయిబు వీపు రాస్తే గానీ ఆగలేదు. అప్పుడు చెప్పాడు, ముప్పై నలభై ఏళ్లు ఎవరికీ చెప్పని సంగతి. కొలువులో చేరిన కొత్తలో, వాళ్లమ్మ ఇంటి నుంచి ఇచ్చి పంపిన తీర్థాన్ని ఆయన కూడా ఓడ సామాను అచ్చులో నాలుగు చుక్కలు వేశాడట. మంచి జరగాలని. ఇదే గుడగుడ, ఇవే బొక్కలు. వాళ్ల మేస్త్రీ తిట్టలేదట. పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క మాటే చెప్పాడట, ఇక్కడ దేవుణ్ని నీళ్లతో పిలవగూడదు, నిప్పుతో పిలవాలి అని.

"సెడిపోయిందేం లేదు. కరిగిస్తే మళ్లా కొత్తదే" అన్నాడు చిన్నాయన, జల్లెడను కొలిమిలో పెడుతూ.

ఈ మాటను నేను తర్వాత చాలాసార్లు ప్రార్థనలో చెప్పుకున్నాను.

రెండోసారి అచ్చు సిద్ధమయ్యాక ఆయనే చిన్నమ్మను పిలిచాడు. పళ్లెంలో కర్పూరం వెలిగించి, తెరిచిన అచ్చుకు నిదానంగా హారతి తిప్పమన్నాడు. ఫౌండ్రీలో కూడా అచ్చును మంటతో ఆరబెడతారని మాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం అది పూజే. సాయిబు కూడా టోపీ సర్దుకుని, పెదవులు కదుపుతూ నిలబడ్డాడు. గుడి పెద్ద ఈసారి గోడ అవతలే ఉండిపోయాడు.

పోత మొదలైంది. ఎవరి ఊపిరి చప్పుడు కూడా లేదు. చిన్నాయన చేతులు మామూలుగా వణికేవి, ఆ ధార మాత్రం వణకలేదు. పొంగలేదు, గుడగుడమనలేదు. అచ్చు నోట్లో కంచు ఎర్రగా నిండి, నెమ్మదిగా నల్లబడింది.

పైకి బాగున్నా, లోపలి బొక్కలు లేతు మిషను మీద తిప్పి చెక్కితేనే బయటపడతాయి. కుప్పంలో మా చిన్నచెల్లెలి మొగుడికి లేతు షాపు ఉంది. గోనెసంచిలో కట్టి బస్సులో పంపాం. ఆ పొద్దంతా చిన్నాయన ఫోన్ ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. అది మోగితే ఆయన ఎత్తలేదు, నాకిచ్చాడు.

"అక్కా, సుట్టూ సెక్కేసినారు. సూది మొన పట్టే బొక్క కూడా లేదంట. సిన్నాయనకు సెప్పు" అంది చెల్లెలు.

చెప్పాను. ఆయన లేచి లోపలికి పోయి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, మళ్లీ అదే చోట కూర్చున్నాడు.

ఆ యేడు తేరు కదిలింది. ఊరంతా స్వామి వైపు చూసి చేతులెత్తింది. చిన్నాయన మాత్రం కుడి చక్రం పక్కనే, చెవి దానివైపు ఒగ్గి, ఊరు చివరిదాకా నడిచాడు. గుడి దగ్గరికి చేరాక గుడి పెద్ద స్వామి మెడలో మాల తీయించి ఆయన మెడలో వేశాడు. మోత రాలేదే, తేరు వస్తాండేది ఎవురికీ తెలీలేదే అని నవ్వుతూ దెప్పాడు. చిన్నాయనకు అంతకంటే పెద్ద పొగడ్త నేనెప్పుడూ వినలేదు.

ఈ యేడు ఆయన పోయిన నెలలోనే తేరు వచ్చింది. మైల ఇల్లు కాబట్టి మేం బయటికి పోలేదు. చావు జరిగిన ఇంటి ముందర మేళం ఆపేసి, అరవకుండా తేరును దాటించడం మా ఊరి పద్ధతి. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. చిన్నమ్మ లోపల చాప మీద కూర్చుని ఉంది. మేళం ఆగింది. తేరు మా గడప ముందరికి వచ్చి, దాటి, వీధి మలుపు తిరిగింది.

కొంతసేపటికి చిన్నమ్మ అడిగింది. "తేరు యాడిదాకా వచ్చిండాది పాపా?"

"పోయింది చిన్నమ్మా."

ఆమె నా మొహం చూసింది. ఆయన పోయాక ఆమె నవ్వడం అప్పుడే చూశాను.

సాయంత్రం వీధి ఖాళీ అయ్యాక గడప దాకా వచ్చి కూర్చుంది. తేరు కోసం తడిపిన మట్టిలో చక్రం జాడ తిన్నగా, లోతుగా పడి ఉంది. చెయ్యి చాచి అందులోంచి పిడికెడు మట్టి తీసుకుంది. నొక్కింది. అరచెయ్యి తెరిచి నాకు చూపించింది. మట్టిముద్ద మీద ఆమె నాలుగు వేళ్ల అచ్చు చెదరకుండా నిలబడి ఉంది.